గోడలో పన్నెండు వోల్టులు

మీరు కూర్చుని చదువుకుంటున్న గదిలో ఏదో ఒక గోడకేసి చూడండి. పైన రంగు, దాని కింద సిమెంటు పూత, ఆ కింద ఇటుకలు. అంతేనా? స్విచ్చిబోర్డు నుంచి పైకప్పు దాకా ఆ ఇటుకల్లో తొలిచిన గాడి ఒకటి ఉంటుంది. ఆ గాడిలో వేలెడు లావు ప్లాస్టిక్ గొట్టం, ఆ గొట్టంలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ తీగలు. పాత ఇళ్లలోనయితే ఈ తీగలు గోడమీద టేకు పట్టీల వెంట క్లిప్పులు బిగించుకుని పైకే కనిపిస్తూ పోయేవి. మీ తాతగారి ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయేమో చూడండి. అందం మాట అటుంచితే ఆ పద్ధతిలో ఒక సుగుణం ఉండేది. ఏ తీగ ఎటు పోతోందో ఇంట్లో అందరికీ తెలిసేది.

ఇప్పుడు గోడలో దాగిన తీగలు ఒక్క రకం కావు. ఫ్యానుకూ, దీపాలకూ, ఫ్రిజ్జికీ పోయేవి 230 వోల్టుల తీగలు. ఇవి గాక కాలింగ్ బెల్లుకు, ఇంటర్నెట్టుకు, వీధి కెమెరాకు, సోలారు దీపానికి 5, 12, 24, 48 వోల్టుల తీగలు కూడా వచ్చి చేరాయి. ఈ రెండో రకం అంటే మనకు కొంచెం చులకన. "ఆఁ, పన్నెండు వోల్టులే గదా!" అంటాం. పాతికేళ్లకు పైగా ఓమ్ సూత్రం పాఠం చెప్పిన నేనూ అలాగే అన్నాను. దాని ఫలితం ఏమయిందో చెబుతాను, వినండి.

మా ఇంటి బెల్లు

2018 వేసవి సెలవుల్లో మా వీధి గేటు స్తంభానికి కాలింగ్ బెల్ మీట పెట్టించాలనుకున్నాను. మన ఊళ్లలో చాలా ఇళ్లకు గేటు దగ్గరి మీటలోకి నేరుగా 230 వోల్టులే వస్తాయి. ఎండకూ వానకూ నిలిచే చోట, ఎవరు పడితే వాళ్లు తడి చేతులతో నొక్కే చోట అంత వోల్టేజి ఎందుకు? అందుకని 230 వోల్టులను 12 వోల్టులకు తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మరూ, దానికి తగిన బెల్లూ కొన్నాను. ఇంతవరకూ బుద్ధిమంతుడి పనే.

ఎలక్ట్రీషియను వచ్చి చూసి, "బెల్లు తీగకు వేరే పైపు వెయ్యాలి మాస్టారూ, గోడ కొట్టాలి" అన్నాడు. ఉగాదికి రంగులు వేయించి రెండు నెలలయినా కాలేదు. సుత్తీ ఉలీ పట్టుకుని ఆ గోడమీద పడతానంటే నాకు మనసొప్పలేదు. దీపాలకు పోయే గొట్టం ఎలాగూ వరండా దాకా ఉంది. అందులో కాస్త చోటూ ఉంది. మరునాడు మెయిన్ ఆపి, గొట్టంలోకి సన్నని ఇనప తీగ దూర్చి, దాని కొసకు బెల్లు తీగ కట్టి నేనే లాగాను. మలుపుల దగ్గర బిగుసుకుంది. ముందుకూ వెనక్కూ ఆడించి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. వచ్చింది. మీట నొక్కితే బెల్లు చక్కగా మోగింది. ఎలక్ట్రీషియను కూలీ మిగిలిందని సంబరపడ్డాను కూడా.

వానలు పట్టాయి. జులైలో ఒక తెల్లవారుజామున బెల్లు మోగింది, ఆ వెంటనే గేటు దగ్గర క్యాను దొర్లిన చప్పుడు. పరుగున వెళ్లి చూస్తే పాలు పోసే కుర్రవాడు కుడిచెయ్యి పట్టుకుని బురదలో కూర్చుని ఉన్నాడు. "సార్! నేను బెల్లు కొట్టలేదండీ, బెల్లే నన్ను కొట్టిందండీ!" అన్నాడు. భుజం దాకా లాగేసిందట. కాళ్లకు హవాయి చెప్పులున్నాయి, మనిషి వెనక్కు పడ్డాడు, బతికాడు. వాడి వయసు పదిహేనేళ్లు, మీలో చాలామంది వయసే. ఆ ఉదయం మా ఇంట్లో ఎవరికీ కాఫీ సహించలేదు.

మెయిన్ ఆపేసి కూర్చున్నాక ఒక సందేహం నన్ను వేధించింది. బెల్లు తీగకు 230 వోల్టులు తగిలి ఉంటే 12 వోల్టుల బెల్లు మాడిపోవాలి గదా? మాడలేదు. ముందురోజు సాయంత్రం మోగింది. కుర్రవాడికి షాకు కొట్టిన క్షణంలోనూ మోగింది. ఆ మోత విని గదా నేను లేచింది! ఇదెలా సాధ్యం? కింది పేరా చదివేముందు మీరూ ఒక నిమిషం ఆలోచించండి.

పీటా, ప్రహరీ గోడా

వోల్టేజి అంటే ఏమిటి? రెండు బిందువుల మధ్య ఉండే పొటెన్షియల్ భేదం. ఈ నిర్వచనం మీ పుస్తకంలో ఉంది, మీరు పరీక్షలో రాసే ఉంటారు. "రెండు బిందువుల మధ్య" అన్న మాటలోనే కిటుకంతా ఉంది. 12 వోల్టులు అని చెప్పినప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి అని కూడా అడగాలి.

12 సెంటీమీటర్ల ఎత్తు పీట ఒకటి నేలమీద ఉందనుకోండి. దానిమీద నుంచి పసిపిల్ల కూడా దిగగలదు. అదే పీటను 230 సెంటీమీటర్ల ఎత్తున్న ప్రహరీ గోడమీద పెట్టండి. పీట ఎత్తు మారిందా? లేదు. పీట పైనుంచి దాని కాళ్లదాకా కొలిస్తే ఇప్పటికీ 12 సెంటీమీటర్లే. కాని దానిమీద నుంచి వీధిలోకి అడుగు వేస్తే?

మా బెల్లు తీగల సంగతీ ఇదే. ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానికీ మరొకదానికీ తీగ సంబంధం లేదు, మధ్య ఉన్నది అయస్కాంత క్షేత్రం మాత్రమే. ఫారడే 1831లో కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల ఒక చుట్టలోని శక్తి రెండో చుట్టలోకి వస్తుంది. కాబట్టి మామూలుగా 12 వోల్టుల తీగలకు భూమితో ఏ బంధుత్వమూ ఉండదు. కాని మా గొట్టంలో బెల్లు తీగ పక్కనున్న ఫేజు తీగను తాకింది. తాకగానే మొత్తం బెల్లు వలయమంతా, మీటతో సహా, పీట ప్రహరీ ఎక్కినట్టు భూమికంటె 230 వోల్టుల మెట్టుకు ఎక్కి కూర్చుంది. బెల్లు చూసేది తన రెండు కొసల మధ్య భేదాన్నే. అది 12 వోల్టులే. కనుక ఎప్పటిలాగే మోగుతుంది. ఎక్కువ కరెంటేదీ పారడం లేదు కనుక బోర్డులోని ఎం.సి.బి. కూడా పడిపోదు. ఇంట్లో ఎవరికీ ఏ సూచనా అందదు. నేలమీద నిలబడి మీట మరను వేలితో తాకినవాడికే ఆ సంగతి తెలుస్తుంది.

తడి చర్మం ఉన్న మనిషి శరీర నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణరక్షణ కోసం ఇళ్లలో బిగించే ఆర్.సి.సి.బి. అనే పరికరం 30 మిల్లీ ఆంపియర్లు భూమిలోకి లీకయితేనే సెకనులో చిన్న భాగంలో కరెంటును తెంచేస్తుంది. దీన్నిబట్టి 230 ఎంత పెద్ద అంకో చూడండి. 12 వోల్టులకయితే అందులో దాదాపు ఇరవయ్యో వంతే వస్తుంది. ఆ రబ్బరు చెప్పులే అడ్డుపడకపోతే ఏమయ్యేదో నేను తలుచుకోదలచుకోలేదు. అప్పటికి మా ఇంట్లో ఆర్.సి.సి.బి. లేదు. ఆ వారంలోనే పెట్టించాను.

ఎద్దు పలుపు లెక్క

ఎలక్ట్రీషియను వచ్చి గొట్టం మలుపు దగ్గరి పెట్టె విప్పాడు. ఎరుపు తీగ మీది తొడుగు రంపంతో కోసినట్టు కోసుకుపోయి రాగి మెరుస్తోంది. పక్కన బెల్లు తీగ మీది పలచని తొడుగు కూడా గీరుకుపోయింది. రెండు రాగి తీగలూ వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. వేసవంతా అలాగే ఉన్నాయన్నమాట. వానల్లో గొట్టంలోకి చేరిన చెమ్మ వాటి మధ్య వంతెన కట్టింది. "పిల్లలకు పాఠాలు చెప్పేది మీరేనా మాస్టారూ?" అన్నాడతను. అనడానికి అతనికి అన్ని హక్కులూ ఉన్నాయి.

కోసింది నేను లాగిన ఇనప తీగే. అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? పల్లెటూరి పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. పొగరుబోతు ఎద్దును ఉత్త చేత్తో పట్టుకుని ఆపలేం. కాని పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే చిన్న కుర్రవాడయినా ఆపగలడు. చుట్టు చుట్టుకూ ఘర్షణ పెరుగుతుంది. అది కూడికలాగా కాక గుణకారంలాగా పెరుగుతుంది. గొట్టంలో తీగ లాగేటప్పుడు ఇదే లెక్క మనకు ఎదురు తిరుగుతుంది. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, ఒక లంబకోణపు మలుపు దాటేసరికి లాగవలసిన బలం దాదాపు 1.9 రెట్లవుతుంది. రెండు మలుపులకు 3.5 రెట్లు, మూడింటికి 6.6 రెట్లు, నాలుగింటికి 12 రెట్లు. మా గొట్టానికి మూడు మలుపులు.

ఇందులో ఒక వింత ఉంది. మలుపు పెద్దదా చిన్నదా అన్నదానితో ఈ రెట్లకు సంబంధం లేదు, ఎంత కోణం తిరిగిందన్నదే ముఖ్యం. మరి పనివాళ్లు మలుపును విశాలంగా వంచమంటారెందుకు? అదే బలం పొడవాటి వంపు మీద పరుచుకుంటే తీగ తొడుగు తట్టుకుంటుంది. చిన్న మూల దగ్గర అంతా ఒకేచోట పడితే కోసుకుపోతుంది. పైగా రాపిడికి వేడి పుడుతుంది. మామూలు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకూ మాత్రమే పనికివస్తుంది. అది దాటి మెత్తబడితే ఇనప తీగకు వెన్నలో కత్తి దారి దొరికినట్టే. అందుకే అనుభవమున్నవాళ్లు రెండు మలుపులకొక పెట్టె పెడతారు, తీగలన్నీ ఒకేసారి కలిపి లాగుతారు, లాగేముందు టాల్కం పౌడరు రాస్తారు. ఉన్న తీగల మీదుగా కొత్త తీగను రుద్దుతూ లాగరు.

తక్కువ వోల్టేజి తీగకూ 230 వోల్టుల తీగకూ ఒకే గొట్టం పనికిరాదన్నది ఇందుకే. తప్పనిసరయితే గొట్టంలోని ప్రతి తీగకూ, బెల్లు తీగకయినా సరే, అందులో ఉన్న అత్యధిక వోల్టేజిని తట్టుకునే తొడుగు ఉండాలన్నది వైరింగు నియమం. బెల్లు తీగకు అలాంటి తొడుగు ఎవరు వేస్తారు? వేరే గొట్టమే చవక.

ఒక చిన్న చిక్కు చెప్పి ముందుకు పోతాను. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 11,000 వోల్టుల లైను 400 పైచిలుకు వోల్టులకు దిగి వీధుల్లోకి వస్తుంది. దాన్ని లైన్‌మన్లు "ఎల్.టి. లైను" అంటారు, అంటే తక్కువ వోల్టేజి లైను! మనల్ని చంపగల 230 వోల్టులు కూడా ఇంజనీర్ల భాషలో తక్కువే. ఏ.సి.లో 50 వోల్టులు, డి.సి.లో 120 వోల్టులు మించనివాటికి వాళ్లు వేరే పేరు పెట్టారు, అత్యల్ప వోల్టేజి అని. ఈ వ్యాసంలో నేను తక్కువ వోల్టేజి అంటున్నది దీన్నే.

సన్న తీగ ఎంత తింటుంది?

ఇక గోడ కొట్టక తప్పలేదు. ఎలాగూ కొడుతున్నాం గదా, గేటు దగ్గర 12 వోల్టుల దీపం కూడా పెడదాం నాన్నా అన్నాడు మా అబ్బాయి. బెల్లు తీగకే తగిలించమన్నాడు. ఈసారి మాత్రం కాగితం తీసుకుని కూర్చున్నాను.

బెల్లు తీగ వ్యాసం 0.5 మిల్లీమీటరు. అలాంటి రాగి తీగ మీటరుకు సుమారు 0.088 ఓముల నిరోధం ఇస్తుంది. బోర్డు నుంచి గేటుకు 15 మీటర్లు. పోవడానికొక తీగ, రావడానికొక తీగ, మొత్తం 30 మీటర్లు. అంటే 2.6 ఓములు. బెల్లు అర ఆంపియరు తీసుకుంటుంది కాబట్టి దారిలో పోయేది 1.3 వోల్టులు. ఫరవాలేదు, మిగిలిన 10.7 వోల్టులతో బెల్లు మోగుతుంది. దీపం 24 వాట్లది, 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు కావాలి. 2ను 2.6తో గుణిస్తే 5.2 వోల్టులు దారిలోనే ఖర్చు! దీపానికి చేరేది ఏడు వోల్టులకు లోపే. తీగలో వేడిగా పోయే శక్తి, ప్రవాహం వర్గాన్ని నిరోధంతో గుణిస్తే, 10.4 వాట్లు. అదే దీపం 230 వోల్టులదయితే దాదాపు 0.1 ఆంపియరు చాలు, నష్టం పావు వోల్టు. తక్కువ వోల్టేజికి లావు తీగ కావాలన్న విచిత్రం ఇందులోనుంచే పుట్టింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం అర వోల్టుకు లోపే ఉంటుందని లెక్క తేలింది. అదే వేశాం.

ఈ సంగతి మీరు 3 వోల్టులతో ఇంట్లోనే చూడవచ్చు. రెండు టార్చి సెల్లులు, తీగ చుట్ట బల్బు ఒకటి తీసుకోండి, ఎల్.ఇ.డి. కాదు సుమా. ముందు జానెడు తీగలతో వెలిగించండి. తరువాత 20 మీటర్ల పాత టెలిఫోను జంట తీగ చివర తగిలించండి. వెలుగు కుంగిపోవడం కంటికే తెలుస్తుంది. స్విచ్చిబోర్డు జోలికి, గోడలోని తీగల జోలికి మాత్రం వెళ్లకండి.

ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న ఇంటివాళ్లు ఇంకొకటి గమనించాలి. దాని వోల్టేజి కూడా 12 మాత్రమే. కాని దాని రెండు కొసల మధ్య స్పానరు పడితే వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రబడుతుంది. తాకితే షాకు కొట్టదు, ఇల్లు తగలబెట్టగలదు. అందుకే బ్యాటరీ తీగ గోడలోకి దిగేముందే, బ్యాటరీకి పక్కనే ఫ్యూజు ఉండాలి.

మెలి తిరిగిన జంట

అదే గాడిలో మేడమీదికి ఇంటర్నెట్ కేబులు కూడా వేశాం. ఆ కేబులు ముక్క దొరికితే బ్లేడుతో పైతొడుగు చీల్చి చూడండి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు తీగలు నాలుగు, ఒక్కొక్కదానికీ తెల్లచార తోడు తీగ ఒకటి. ప్రతి జంటా జడలాగా మెలితిరిగి ఉంటుంది. ఈ ఉపాయం టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్‌ది. 1881లోనే పేటెంటు తీసుకున్నాడు.

మెలి ఎందుకు? ఎరుపు పెన్సిలు ఒకటి బల్లమీద పెట్టండి, అది 230 వోల్టుల తీగ. దాని పక్కన నీలం, తెలుపు దారాలు మెలిపెట్టి పరచండి. ఒకచోట నీలం దారం పెన్సిలుకు దగ్గర, మరుక్షణం తెల్లదారం దగ్గర. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు పక్క తీగల్లో చిన్న వోల్టేజిని పుట్టిస్తుంది. మెలి వల్ల అది రెండు తీగల్లోనూ సమానంగా పుడుతుంది. అవతలి పరికరం చదివేది రెండింటి భేదాన్నే కనుక అది రద్దయిపోతుంది. మళ్లీ అదే మాట చూడండి, భేదం! మా బెల్లు 230 వోల్టులను గుర్తించకపోవడానికీ, ఈ కేబులు రొదను లెక్కచెయ్యకపోవడానికీ మూలం ఒకటే. నాలుగు జంటల మెలికల సంఖ్య ఒకేలా ఉందేమో లెక్కపెట్టండి. ఉండదు. ఒక జంట మాటలు మరో జంట వినకుండా ఆ ఏర్పాటు.

స్పీకరు తీగల వంటి వాటిల్లో "గుంయ్" మనే రొద రాకుండా కరెంటు తీగలకు దూరంగా వెయ్యమని చాలామంది చెబుతారు. నిజమే. కాని నా మటుకు అది రెండో కారణం. మొదటి కారణం గేటు దగ్గర బురదలో కూర్చుని ఉండగా నేను చూశాను.

ఎక్కడ కొట్టాలి, ఎంత కొట్టాలి

గోడ కొట్టడానికీ ఒక హద్దు ఉంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు మించకూడదని ఇంజనీర్లు పాటించే లెక్క. నాలుగున్నర అంగుళాల గోడకు అడ్డంగా ముప్పాతిక అంగుళమే దక్కుతుంది, గొట్టం పట్టడమే కష్టం. అందుకని నిలువునా పైకప్పు దాకా పోయి మళ్లీ దిగాం. స్తంభాలనూ దూలాలనూ ముట్టుకోలేదు. ఐమూలగా ఎక్కడా పోనివ్వలేదు. స్విచ్చికి తిన్నగా పైనో కిందో తీగ ఉంటుందని మేకు కొట్టేవాడు ఊహించగలగాలి గదా. కరెంటు గొట్టానికి మా గొట్టం జానెడు ఎడంగా పోతుంది. ఒక్కచోట దాన్ని దాటవలసి వచ్చింది, అక్కడ లంబకోణంలో దాటించాం.

పూత వేయకముందు టేపు పట్టుకుని మూల నుంచి ఎంత, నేల నుంచి ఎంత అని కొలిచి పటం గీశాను. అది బీరువాలో ఇంటి కాగితాల మధ్య ఉంది. నిరుడు వేంకటేశ్వరస్వామి పటం తగిలించడానికి మేకు కొట్టబోతే మా ఆవిడే ఆ కాగితం తీసుకొచ్చింది. స్వామివారు ఆరు అంగుళాలు ఎడమకు జరిగారు.

పాలు పోసిన ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, డెయిరీ వ్యానులో వస్తాడు. గేటు మీటలో ఉన్నది ఇప్పుడు నిఖార్సయిన 12 వోల్టులేనని అతనికి టెస్టరు పెట్టి చూపించాను. పీట ఉదాహరణ కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇప్పటికీ బెల్లు ముట్టుకోడు. వీధిలోనుంచే "పాలండీ!" అని కేక వేస్తాడు.